చేతిలోని పాటల పెట్టె: ఒక చారిత్రక పరిశీలన

సాహిత్య విమర్శకు ఉద్దేశించిన పత్రికలో, మొబైల్ ఫోనులో పాటలు వినిపించే యాప్‌ను గురించి రాయటమేమిటని కొందరికి సందేహం కలగవచ్చు. ఆ సందేహం న్యాయమైనదే. కాని అచ్చుయంత్రం వచ్చిన తరవాత పద్యానికి ఏమయిందో తెలుసుకోకుండా ఆధునిక కవిత్వ చరిత్ర రాయటం సాధ్యం కాదని మనమందరం ఒప్పుకుంటాం. తెలుగువాళ్ళలో చాలామందికి ఇవాళ కవిత్వం అందుతున్నది పుస్తకం ద్వారా కాదు, పాట ద్వారా. ఆ పాట అందుతున్నది ఫోను ద్వారా. కనక ఆ పాటను మోసే యంత్రాన్ని విప్పి చూడటం విమర్శకుడి పనే అవుతుంది.

యంత్రాల చరిత్రను సామాన్యంగా ఒకే తీరున రాస్తారు. ఫలానా మేధావి ఫలానా సంవత్సరంలో ఫలానాది కనిపెట్టాడు, దాన్ని మించినది మరొకడు కనిపెట్టాడు, మానవజాతి సుఖపడింది. ఈ తీరు చరిత్రలో తేదీలుంటాయి, పేర్లుంటాయి, మనుషుల మధ్య సంబంధాలు మాత్రం ఉండవు. నేను వేరే ప్రశ్న వేసుకుంటున్నాను. పాట కట్టినదెవరు? అది ఎవరి దగ్గర ఉంటుంది? ఈ రెండు ప్రశ్నలకూ పాటలు వినిపించే ప్రతి యంత్రమూ తన నిర్మాణంలోనే ఏదో ఒక జవాబు పెట్టుకుని ఉంటుంది. ఆ జవాబు నూటయాభై ఏళ్ళలో ఎలా మారింది? ఎవరు మార్చారు? నేటి యాప్‌లో అది ఏ రూపంలో ఉంది?

ఎడిసన్ 1877లో తయారుచేసిన ఫోనోగ్రాఫుకు రెండు పనులు వచ్చు. ఎదుటి మాటను అది గీతలుగా రాసుకుంటుంది, రాసుకున్నదాన్ని తిరిగి వినిపిస్తుంది. యంత్రం చేతిలో ఉన్నవాడు శ్రోత కావచ్చు, గాయకుడూ కావచ్చు. 1887లో ఎమిల్ బెర్లినర్ పేటెంటు పొందిన గ్రామఫోనుకు ఇంట్లో ఒక్క పనే వచ్చు. అది వినిపిస్తుంది, అంతే. రాసుకునే పని కంపెనీవాడి స్టూడియోకు వెళ్ళిపోయింది. దీనికి సాంకేతిక కారణం లేకపోలేదు. బల్లపరుపుగా ఉండే పళ్ళేన్ని ఒక అచ్చునుంచి వేలకొద్దీ ముద్రించవచ్చు. కాని కారణం సాంకేతికమైనా ఫలితం సామాజికం. పాట తయారుచేసేవాడు ఒకడు, కొనుక్కుని వినేవాడు మరొకడు అయి కూర్చున్నారు.

1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కంపెనీ తరఫున కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. ఆ అచ్చులు ముద్రణకు జర్మనీలోని హానోవర్‌కు వెళ్ళాయి. అక్కడి పనివాళ్ళకు ఏది ఎవరి పాటో తెలియాలి. అందుచేత గౌహర్ జాన్ పాట చివర తన పేరును తానే ఇంగ్లీషులో చెప్పేది. గంటసేపు సాగే రాగం మూడు నిమిషాలలో ముగియవలసి వచ్చింది. ఆ మూడింటిలోనూ కొన్ని క్షణాలు పేరుకు పోయాయి. కలకత్తాలోనే ముద్రణ ఫ్యాక్టరీ పెట్టింది 1908లో.

తెలుగు చదువుకున్నవాళ్ళు ఈ సంగతి దగ్గర కాస్త ఆగాలి. మన సంప్రదాయంలోనూ పేరు పాటలోనే ఉండేది. అన్నమయ్యకు వేంకటేశ ముద్ర, క్షేత్రయ్యకు మువ్వగోపాల ముద్ర. త్యాగయ్య తన పేరే పెట్టుకున్నాడు. తాటాకు చివికిపోయినా పాడేవాడి నోట్లో పేరు నిలిచేది. జానపదుల పాటకు ముద్ర లేదు, ఎందుకంటే అది ఊరందరి సొత్తు. ఎవరిదని అడిగే అవసరం ఎవరికీ కలగలేదు. గౌహర్ జాన్ చెప్పుకున్న పేరు ఈ రెండు కోవలకూ చెందదు. పాట పుట్టే చోటు ఒకటి, ముద్రణయ్యే చోటు మరొకటి అయినప్పుడు, వాటి మధ్య సముద్రం ఉన్నప్పుడు, సరుకు మీద చీటీ అవసరమవుతుంది. ఆమె తన గొంతుతో అంటించినది ఆ చీటీ. తరవాత దాన్ని కాగితం మీద అచ్చు వేసి పళ్ళెం నడుమ అంటించారు. పేరు పాటను విడిచి చీటీ మీదికి చేరిన క్షణంనుంచి, చీటీ ఎవరు రాస్తారన్నది ముఖ్యమైన ప్రశ్న అయింది.

1963లో ఫిలిప్స్ కంపెనీ తెచ్చిన క్యాసెట్టు, బెర్లినర్ తీసేసిన పనిని మామూలు మనిషికి తిరిగి ఇచ్చింది. 1980ల భారతదేశంలో దీని ఫలితం కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. దశాబ్దాలుగా దేశంలో పాటల వ్యాపారాన్ని చేతిలో పెట్టుకున్న గ్రామఫోన్ కంపెనీ ఆధిపత్యం బద్దలయింది. చిన్న ఊళ్ళ చిన్న వ్యాపారులు ప్రాంతీయ భాషల పాటలు, మాండలికాల పాటలు బజారుకు తెచ్చారు. వాళ్ళు ప్రజాసేవకు పూనుకున్నారనటానికి వీల్లేదు. లాభం కోసమే చేశారు. కాని యంత్రం చవకది కావటంవల్ల, ఆ దారినే లాభంతో పని లేని పాటలు కూడా నడిచాయి. జననాట్యమండలి పాటలు తెలుగు పల్లెల్లో క్యాసెట్ల మీద తిరిగాయి. ఒక క్యాసెట్టు చేతులు మారుతూ పది క్యాసెట్లయేది. కాపీ చేసినవాడు చీటీ మీద తన దస్తూరీతో పేరు రాసేవాడు.

ఇదే కాలంలో ఎదురు ధోరణి కూడా మొదలయింది. 1979 జూలైలో సోనీ కంపెనీ వాక్‌మన్ విడుదల చేసింది. విలేకరుల కోసం తాను అమ్ముతున్న చిన్న రికార్డరునే తీసుకుని, అందులోనుంచి రికార్డు చేసే భాగాన్ని తొలగించి, స్టీరియో చేర్చి దీన్ని తయారుచేసింది. 1887లో పెద్ద పెట్టెకు జరిగినదే 1979లో జేబు పెట్టెకు జరిగింది. మొదటి వాక్‌మన్‌కు ఇద్దరు కలిసి వినటానికి రెండు రంధ్రాలుండేవి. తరవాతి కాలపు జేబు యంత్రాలలో ఒక్కటే మామూలయింది. కలిసి వినటం కూడా అలా తగ్గింది.

ఇహ అంకెల కాలానికి వద్దాం. 1982లో వచ్చిన కాంపాక్టు డిస్కులో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో రాస్తారు. కుడి ఎడమలకు రెండు వరసలు కనక సెకనుకు 14,11,200 బిట్లు. టెలిఫోను తీగలు ఇంత బరువు మొయ్యలేవు. జర్మనీలో ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయమూ ఫ్రౌన్‌హోఫర్ సంస్థా ఈ బరువు తగ్గించే పనికి పూనుకున్నాయి. ఆ పరిశోధకులలో ముఖ్యుడు కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్. వాళ్ళు ఆధారం చేసుకున్నది మనిషి చెవిని. డప్పు మీద దెబ్బ పడిన క్షణంలో పక్కవాడి గుసగుస మనకు వినపడదు. వినపడని దాన్ని మొయ్యటమెందుకు? అలాంటివన్నీ వదిలేసి, మిగిలినదాన్ని సెకనుకు 1,28,000 బిట్లకు దించారు. అంటే దాదాపు పదకొండో వంతు. వాద్యాలు లేకుండా సుజాన్ వేగా అనే గాయని పాడిన ఒక పాటను పరీక్షకు పెట్టుకున్నారు. తప్పు దాచుకోవటానికి వాద్యం చాటు లేని ఒంటరి గొంతును చెడగొట్టకుండా కుదించటం అన్నిటికన్న కష్టం. ఈ పద్ధతికి ఎంపీ3 అన్న పేరు 1995లో స్థిరపడింది.

ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. చెవిని గురించిన జ్ఞానం ఎన్నో విశ్వవిద్యాలయాల్లో ఎందరో పండితులు తరాలుగా పోగు చేసినది. కుదింపు పరిశోధనకు ప్రభుత్వ ధనం తోడ్పడింది. ఐనా ఫలితం పేటెంట్లలో బందీ అయింది. ఎంపీ3 యంత్రాలు, ప్రోగ్రాములు తయారుచేసే సంస్థలనుంచి పేటెంటుదారులు రుసుము వసూలు చేశారు. ఆ వసూలు 2017లో గాని ఆగలేదు.

కుదించిన పాటలో మొదట పేరుకు చోటు లేదు. 1996లో ఎరిక్ కెంప్ అనే ప్రోగ్రామరు ఫైలు చివర 128 బైట్ల చీటీ ఒకటి అతికించే పద్ధతి పెట్టాడు. దాని పేరు ఐడీ3. పాట పేరుకు 30 బైట్లు, ఆర్టిస్టుకు 30, ఆల్బముకు 30, సంవత్సరానికి 4, వ్యాఖ్యకు 30, సంగీతం ఏ జాతిదో చెప్పే అంకెకు 1. చీటీకి గుర్తుగా మొదట 3. మొత్తం 128. మరుసటి ఏడు, 1997లో, జస్టిన్ ఫ్రాంకెల్ అనే అమెరికన్ యువకుడు తన మిత్రుడితో కలిసి విన్యాంప్ అనే ప్లేయరు విడుదల చేశాడు. అది లోకమంతా వ్యాపించింది. దానితోబాటు ఈ చీటీ కూడా వ్యాపించింది.

ఈ చీటీలో దురుద్దేశమేమీ లేదు. తన చుట్టూ ఉన్న పాటలకు సరిపడేటట్టు ఒక వ్యక్తి కుట్టిన సంచీ అది. కాని లోకంలోని పాటలన్నీ ఆ సంచీలో దూరవలసి వచ్చింది. తెలుగు లిపి యూనికోడులో 1991నుంచే ఉన్నా ఈ చీటీలో దానికి తావు లేదు. నేడు వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ తలా మూడు బైట్లు కావాలి. ఆ లెక్కన 30 బైట్లలో పది గుర్తులు పడతాయి, మన పల్లవిలో రెండు మాటలు కూడా పట్టవు. జాతుల జాబితాలో మొదట ఉన్నవి 80. అమెరికన్ యువకుల సంగీతంలోని సూక్ష్మభేదాలకు వేరువేరు అంకెలున్నాయి. 48వ అంకెకు ఎత్నిక్ అని పేరు. బుర్రకథ, ఒగ్గుకథ, కోయపాట, వీటన్నిటికీ కలిపి దొరికే తలుపు అదొక్కటే.

అన్నిటికన్న పెద్ద లోపం వేరే ఉంది. ఆర్టిస్టు అన్న గడి ఒక్కటే. తన పాట తానే రాసి తానే పాడుకునే గాయకుడికి ఆ గడి చాలు. తెలుగు సినిమా పాటను ఒకరు రాస్తారు, ఒకరు బాణీ కడతారు, మరొకరు పాడతారు. ఒకే గడి ఉన్నప్పుడు అందులో గాయకుడు కూర్చుంటాడు, లేదా సంగీత దర్శకుడు కూర్చుంటాడు. కవి బయట నిలబడతాడు.

మా కాలేజీలో కంప్యూటర్ విభాగం విద్యార్థులు నలుగురు, చివరి సంవత్సరం ప్రాజెక్టుగా ఫోనులో పాటలు వినిపించే యాప్ కట్టారు. తెలుగు మాటలు సరిచూడటానికి నన్ను పిలిచారు. అలాంటి యాప్ ఎలా పనిచేస్తుందో నాకు తెలిసింది వాళ్ళ వల్లనే. మొదట అది ఫోనంతా గాలించి పాటల ఫైళ్ళకు పట్టీ తయారుచేస్తుంది. రెండోది, ఒక్కొక్క ఫైలు చీటీ చదువుతుంది. మూడోది, కుదించిన అంకెలను విప్పి మళ్ళీ శబ్దపు కొలతలుగా మారుస్తుంది. నాలుగోది, ఆ కొలతలను సెకనుకు 44,100 చొప్పున స్పీకరుకు అందిస్తుంది. ఫోనుకు వేరే పనులు కూడా ఉంటాయి కనక కొంత సరకు ముందే విప్పి బఫర్ అనే గాదెలో నిలవ ఉంచుకోవాలి. గాదె ఖాళీ అయితే పాట నత్తి కొడుతుంది. కాల్ వస్తే పాట తనంతట తాను ఆగాలి, మాట ముగిశాక ఆగినచోటనే అందుకోవాలి.

వాళ్ళ తెర మీద పాట పేరుంది, గాయకుడి పేరుంది, సినిమా పేరుంది. "రాసినవారి పేరేదమ్మా?" అని అడిగాను. "చీటీలో ఉంటే కదా సార్, చూపించటానికి" అన్నది ఒకమ్మాయి. ఫైళ్ళు తెరిచి చూపించింది. 1998లో వచ్చిన ఐడీ3 రెండో పద్ధతిలో గీతరచయితకు వేరే గడి ఉన్నది. తెలుగు లిపికీ చోటున్నది. వాళ్ళ దగ్గరున్న పాటల్లో మాత్రం దాదాపు అన్నిట్లో ఆ గడి ఖాళీ! సాంకేతిక పరిమితి తొలగి రెండు దశాబ్దాలు దాటినా, చీటీ రాసే అధికారం ఉన్నవాళ్ళకు కవిని రాయవలసిన అవసరం తోచలేదన్నమాట.

ఇది మర్యాదకు సంబంధించిన చిన్న విషయం కాదు, కూలికి సంబంధించినది. 1977లో సుప్రీంకోర్టు, సినిమా కోసం నిర్మాత డబ్బిచ్చి రాయించుకున్న పాట మీద, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు నిర్మాతదేనని తీర్పు చెప్పింది. ఆ తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా కొన్ని మాటలు చేర్చి, గాయకుడికి మన చట్టం ఏ హక్కూ ఇవ్వలేదని ఎత్తిచూపాడు. గీతరచయితకూ సంగీతకర్తకూ రాయల్టీలో సమాన భాగాన్ని, వాళ్ళు రాసి ఇచ్చినా పోని హక్కుగా చేసినది 2012 సవరణ చట్టం. కాని పాట మోగిన ప్రతిసారీ వాటా రావాలంటే, మోగిన పాట ఎవరిదో లెక్కలో ఉండాలి. పేరు నమోదు కానిచోట చట్టమిచ్చిన హక్కు కాగితం మీదనే ఉండిపోతుంది.

ఆ నలుగురు విద్యార్థులు రాసిన ప్రోగ్రాము ఎంత? తెర, పట్టీ, మీటలు. కుదించిన అంకెలు విప్పే కష్టమైన పని వాళ్ళు చెయ్యలేదు, చెయ్యవలసిన అవసరమూ లేదు. ఆ పని చేసిన గ్రంథాలయాలు లోకంలో ఉచితంగా దొరుకుతున్నాయి. 1996లో ఎకోల్ సెంట్రాల్ పారిస్ విద్యార్థులు కాలేజీ ప్రాజెక్టుగా మొదలుపెట్టినది వీఎల్‌సీ; 2001లో దాని మూలరచనను లోకమంతటికీ విడుదల చేశారు. 2000లో ఫాబ్రిస్ బెల్లార్ అనే ఫ్రెంచివాడు మొదలుపెట్టినది ఎఫ్ఎఫ్ఎంపెగ్. దేశదేశాల ప్రోగ్రామర్లు వీటికి తమ శ్రమ కలిపారు. షరతు ఒక్కటే: తీసుకున్నవాడు తాను పొందిన స్వేచ్ఛను తరవాతివాడికి అడ్డుపెట్టరాదు. జానపదుల పాట ఊరందరి సొత్తయినట్టే, ఈ కోడు పనివాళ్ళందరి సొత్తు.

ఇటువంటి సొత్తుకూ కంపెనీ దుకాణానికీ పొత్తు ఎలా ఉంటుందో చూడండి. కొద్దిమంది ప్రోగ్రామర్లు తయారుచేసిన సౌండ్‌జామ్ అనే ప్లేయరును యాపిల్ కంపెనీ 2000లో కొని, 2001 జనవరిలో ఐట్యూన్స్‌గా మార్చింది. అదే అక్టోబరులో ఐపాడ్ వచ్చింది. 5 గిగాబైట్లు, జేబులో వెయ్యి పాటలు. దాని దారి ఒకవైపే. కంప్యూటరునుంచి పాట ఐపాడ్‌లోకి వెళ్తుంది. ఐపాడ్‌లోనుంచి మిత్రుడి కంప్యూటరులోకి ఐట్యూన్స్ దాన్ని రానివ్వదు. 2003లో పాట 99 సెంట్లకు అమ్మే దుకాణం తెరిచారు. కొన్న పాటకు తాళం ఉండేది. దాన్ని తీసెయ్యటానికి 2009 దాకా పట్టింది. ఈలోగా 2008లో ఐఫోనుకు యాప్‌ల దుకాణం వచ్చింది.

2010లో వీఎల్‌సీ ఆ దుకాణంలోకి వెళ్ళింది. కాని దుకాణం నిబంధనలు, యాప్‌ను వాడేవాడు ఏమి చెయ్యకూడదో నిర్ణయిస్తాయి. వీఎల్‌సీ షరతు ప్రకారం అలాంటి అదనపు ఆంక్షలు కూడవు. ఆ కోడు రాసినవాళ్ళలో ఒకరు అభ్యంతరం చెప్పారు. 2011 జనవరిలో కంపెనీ ఆ యాప్‌ను తొలగించింది. తరవాత నిర్వాహకులు కోడు రాసినవాళ్ళను ఒక్కొక్కరినే వెతికి, అనుమతి తీసుకుని, షరతులు మార్చి 2013లో తిరిగి దుకాణంలో పెట్టారు. కోడు నాణ్యత మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. తగాదా అంతా ఒక్క విషయం మీదనే: ఫోను కొన్నవాడు ఫోనుకు యజమానా, అద్దెదారా?

నేటి చందా యాప్‌లు ఈ ప్రశ్నకు తమ జవాబు తేల్చి చెప్పాయి. 2006లో స్వీడన్‌లో పుట్టి 2008లో పనిలోకి దిగిన స్పాటిఫై మన దేశానికి 2019లో వచ్చింది. ఇక్కడ పాట వినేవాడి దగ్గర ఉండదు. చందాదారు ఫోనులోకి దించుకున్న పాట కూడా తాళంతోనే ఉంటుంది. ముప్ఫై రోజులకొకసారైనా నెట్టుకు కలవకపోతే మోగదు. డబ్బంతా ఒక రాశిగా పోసి, మొత్తం మోతలలో ఎవరి వంతు ఎంతో చూసి పాటల హక్కుదారులకు పంచుతారు. పాట 30 సెకన్లు మోగితే ఒక లెక్క. 2024నుంచి, పన్నెండు నెలల్లో వెయ్యిసార్లు మోగని పాటకు రికార్డింగు రాయల్టీ లేదు. ఒకప్పుడు మూడు నిమిషాల పళ్ళెం రాగాన్ని కత్తిరించింది. ఇప్పుడు మొదటి ముప్ఫై సెకన్లు పాట బతుకును నిర్ణయిస్తున్నాయి. ఒక మారుమూల మాండలికంలో కొద్దిమంది ప్రాణంగా వినే పాట ఆ వెయ్యి మోతలకు చేరకపోతే, ఈ లెక్కలో దాని విలువ సున్న.

ఐతే పాత రోజులే మేలని నేననటం లేదు. గ్రామఫోను కొనగలిగిన తెలుగు ఇళ్ళు ఎన్ని? మా విద్యార్థి ఒకడు కూలివాళ్ళ ఇంటినుంచి వచ్చి, ఏ జమీందారూ విననంత సంగీతం ఫోనులో వింటున్నాడు. ఈ సౌకర్యం నిజమైనది. దాన్ని కాదనే విమర్శకు ప్రజల్లో విలువ ఉండదు. మనం గమనించవలసింది, సౌకర్యం పెరిగిన చాలా సందర్భాల్లో దాని చాటున వినేవాడి చేతిలోనుంచి ఒక పని జారిపోవటం. మొదట రాసుకోవటం పోయింది, తరవాత పంచుకోవటం, ఆ తరవాత దగ్గర ఉంచుకోవటం. వీటిలో ఏదీ యంత్ర ధర్మం వల్ల పోలేదు. క్యాసెట్టు ఇచ్చింది, వాక్‌మన్ తీసుకుంది. రెండింటిలో తిరిగేది ఒకే టేపు.

అందుచేత తెలుగు విద్యార్థులు ఇలాంటి యాప్ కట్టినప్పుడు కొన్ని పనులు చెయ్యవచ్చు, చెయ్యాలి. రచయిత గడి తెర మీద గాయకుడి గడితో సమానంగా ఉండాలి. వినేవాడు చీటీని సరిదిద్దగలగాలి, సరిదిద్దినది మరొకడికి పంపగలగాలి. ఫైలు ఫైలుగానే ఉండాలి. పాడి రాసుకునే మీట ఒకటుండాలి. మా నలుగురు విద్యార్థులు రెండు వారాలు కూర్చుని, తమ దగ్గరున్న సినిమా పాటలన్నిటికీ రచయితల పేర్లు ఎక్కించారు. జానపద గీతాల దగ్గర రచయిత గడిలో ఏమి రాయాలని నన్నడిగారు. పాడినామె పేరూ, ఊరి పేరూ, విన్న తేదీ రాయమన్నాను. ఆ అమ్మాయి తన ఊరికి వెళ్ళి, నాట్లు వేసే స్త్రీల పాటలు మూడు ఆ యాప్‌లోనే రికార్డు చేసి తెచ్చింది. చీటీలో ఏడుగురి పేర్లున్నాయి. గడి చాలకపోతే దాన్ని పెద్దది చేశారట.